బైపీసీ చదివి విదేశంలో అగ్రి ఎకనామిక్స్ ఎంఎస్‌కు వెళ్లాలంటే

పోలాసలోనో, వరంగల్‌లోనో, సిరిసిల్లలోనో బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి ఏడాదికి వచ్చారు. ఇంట్లోవాళ్లు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందని అడుగుతున్నారు. మీకేమో బయటి దేశంలో అగ్రికల్చరల్ ఎకనామిక్స్ చదవాలని ఉంది. ఇది మీకోసమే రాస్తున్నాను. కాకతీయ యూనివర్సిటీ కింద బీఏ ఎకనామిక్స్ చేసినవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. వాళ్లకు తేడా వచ్చే చోట చెబుతాను.

ముందే చెబుతున్నా, ఈ కోర్సు పేరులోనే వ్యవసాయం ఉంటుంది, క్లాసులో ఉండేవి లెక్కలు. జర్మనీలో నా మొదటి వారం, మైక్రో ఎకనామిక్స్ క్లాసులో ప్రొఫెసర్ గారు పావుగంటలో బోర్డు నిండా పార్షియల్ డెరివేటివ్‌లు రాసేశారు. పక్కన కూర్చున్న ఇథియోపియా అబ్బాయి చకచకా ఎక్కించుకుంటున్నాడు. నేను మాత్రం ఆ వంకర 'డి' ఏమిటా అని చూస్తూ కూర్చున్నాను. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న రోజే లెక్కలకు దండం పెట్టి వచ్చినవాణ్ని కదా. ఆ సెమిస్టర్ ఎలా గడిచిందో నాకే తెలుసు. మీకు ఆ టెన్షన్ వద్దు. అందుకే అప్లికేషన్లు, వీసాల కంటే ముందు లెక్కల సంగతి పెట్టాను.

మొదటి పని: వదిలేసిన లెక్కలు

బీఎస్సీ మొదట్లో బైపీసీ వాళ్లకు ఎలిమెంటరీ మ్యాథమెటిక్స్ అని ఒక కోర్సు పెడతారు, గుర్తుందా? పాసయ్యేంత చదివి పక్కన పడేసిందే. దాన్ని మళ్లీ బయటికి తీయండి. అది చాలదు కాబట్టి ఎంపీసీ చదివిన దోస్తు దగ్గర తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. 1ఏలో మాత్రికలు, 1బీలో అవధులు, అవకలనాలు, వాటి అనువర్తనాలు, 2ఏలో సంభావ్యత. ఈ అధ్యాయాలు చాలు. త్రికోణమితి, వృత్తాలు, శాంకవాలు ముట్టుకోకండి, ఇక్కడ వాటితో పనిలేదు. రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు కూర్చుంటే అయిపోతుంది. ఆ తర్వాత పార్షియల్ డెరివేటివ్, లాగ్రాంజ్ పద్ధతి, రిగ్రెషన్ యూట్యూబ్‌లో వింటే బుర్రకెక్కుతాయి. అంతకు ముందు వింటే నిద్రొస్తుంది.

ఈ లెక్కలన్నీ ఎందుకో ఒక ఉదాహరణతో చూపిస్తాను. అంకెలు నేను ఊహించి పెట్టినవే, మీ ఊరి అంకెలు వేసి మళ్లీ చేసుకోండి.

నర్సంపేట వైపు ఒక రైతుకు 5 ఎకరాలు ఉంది. పత్తి పెడితే ఎకరాకు 35 వేల పెట్టుబడి, 20 వేల మిగులు. మిర్చి పెడితే ఎకరాకు లక్షన్నర పెట్టుబడి, 60 వేల మిగులు. చేతిలో ఉన్నవి 4 లక్షల 5 వేలు. మొత్తం పత్తే పెడితే మిగిలేది లక్ష. మొత్తం మిర్చి పెడదామంటే ఆ పైసలు 2.7 ఎకరాలకే సరిపోతాయి, మిగతా భూమి పడావు పడుతుంది, మిగులు లక్షా 62 వేలు. 3 ఎకరాల పత్తి, 2 ఎకరాల మిర్చి పెడితే భూమీ సరిపోతుంది, పైసలూ సరిపోతాయి, మిగులు లక్షా 80 వేలు. ఇంతకు మించిన దారి లేదు. దీన్ని లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. మీ నాయిన మృగశిర కార్తెకు ముందు మంచం మీద కూర్చుని వేళ్ల మీద చేసే లెక్క కూడా ఇదే.

ఇప్పుడు ఆ రైతుకు ఇంకో లక్షా 15 వేలు దొరికాయనుకోండి. ఒక ఎకరం పత్తి నుంచి మిర్చికి మారుతుంది, మిగులు 40 వేలు పెరుగుతుంది. అంటే కొత్తగా వచ్చిన ప్రతి రూపాయి దాదాపు 35 పైసలు సంపాదించి పెట్టింది. దీని పేరు షాడో ప్రైస్. అదే రూపాయిని అడ్తిదారు దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే 8 నెలలకు అయ్యేది 16 పైసలు. తెలివిలేక అధిక వడ్డీకి అప్పు చేస్తున్నారని రైతుల మీద ఉపన్యాసాలిచ్చే వాళ్లకు ఈ నాలుగు వరుసలు చూపించాలనిపిస్తుంది నాకు. అయితే మిర్చి రేటు పడిపోయిన ఏడాది ఈ లెక్కంతా తలకిందులవుతుంది. దానికి రిస్క్ అని ఇంకో పెద్ద పాఠం ఉంది.

ఈ ఉదాహరణ మీకు అర్థమై, 'తర్వాతేంటి' అనిపిస్తే ఈ కోర్సు మీకు సరిపోతుంది. విసుగొస్తే అగ్రి బిజినెస్ ఎంబీఏ చూసుకోండి, అందులో తప్పేం లేదు.

రెండో పని: ఒక చిన్న డేటా పని చేసి చేతిలో పెట్టుకోవడం

ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. ఆగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో ఏ మార్కెట్‌కు ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, ఏ ధర పలికింది అన్నీ ఉంటాయి. వరంగల్, జమ్మికుంట మార్కెట్ల పత్తి ధరలు మూడేళ్లవి దించుకుని ఒకే గ్రాఫు మీద గీయండి. దాని మీద మద్దతు ధరను అడ్డగీతగా వేయండి. 2025-26కి పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. మార్కెట్ ధర ఆ గీత కిందికి ఎప్పుడెప్పుడు జారింది, ఎన్ని రోజులు అక్కడే ఉంది అని చూడండి. రెండు మార్కెట్లు కలిసి కదిలాయా, ఒకటి ముందు దిగితే ఇంకోటి తర్వాత దిగిందా అని కూడా.

గ్రాఫు చూశాక అసలు ప్రశ్న పుడుతుంది. మద్దతు ధర ఉండగా ధర దానికంటే కిందికి ఎందుకు పోతుంది? జవాబు మీకు తెలుసు, బళ్లతో పాటు మార్కెట్‌కు వెళ్లి చూసినవాళ్లే కదా. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ, తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తుంది, అక్కడి నుంచి 12 శాతం దాకా ధర కోసుకుంటూ కొంటుంది, 12 దాటితే కొనదు. దసరా, దీపావళి మధ్య వానపడి పత్తి తడిస్తే మీటరు 15, 16 చూపిస్తుంది. ఆ బండి వెనక్కి పోదు, ప్రైవేటు వ్యాపారి దగ్గరికి పోతుంది. ఆ రోజుల వర్షపాతం కూడా డేటాలో కలిపితే మంచి టర్మ్ పేపర్ తయారవుతుంది. దరఖాస్తులో 'నాకు పరిశోధన అంటే ఆసక్తి' అని రాసే కంటే ఈ గ్రాఫు గురించి నాలుగు లైన్లు రాయడం మేలు.

ఇంకో డేటా మన పక్కనే ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి కొన్ని ఊళ్లలో కుటుంబాల పంటలు, ఖర్చులు, అప్పులు, కూలీ అన్నీ రాసుకుంటూ వచ్చారు. అందులో పాత మహబూబ్‌నగర్ జిల్లా అవురేపల్లి ఒకటి. ఒక కుటుంబానికి పంట పోతే ఊళ్లో మిగతావాళ్లు దాన్ని ఎంతవరకు పంచుకుంటారనే విషయం మీద ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనామెట్రికా పత్రికలో రాసిన పేపర్‌కు ఆధారం ఈ డేటానే. ఇప్పటికీ క్లాసుల్లో అది చదివిస్తారు. మా ప్రొఫెసర్ గారు 'ఆరెపాల్' అని పలికినప్పుడు నేను చెయ్యెత్తి సరిచేశాను. ఆ కోర్సులో నేను ధైర్యంగా నోరు తెరిచింది అప్పుడొక్కసారే.

మూడో పని: ఎక్కడికి

వెతికేటప్పుడు 'అగ్రికల్చరల్ ఎకనామిక్స్' అనే పేరుతోనే వెతికితే సగం కోర్సులు దొరకవు. అప్లైడ్ ఎకనామిక్స్, రిసోర్స్ ఎకనామిక్స్, ఫుడ్ ఎకనామిక్స్ అనే పేర్లతోనూ నడుపుతారు. మిన్నెసోటాలో అప్లైడ్ ఎకనామిక్స్, డేవిస్‌లో అగ్రికల్చరల్ అండ్ రిసోర్స్ ఎకనామిక్స్. పేరు వేరైనా చదువు ఇదే.

జర్మనీలో ఇంగ్లిష్‌లోనే చెప్పే కోర్సులు హోహెన్‌హైమ్‌లో, బాన్‌లో ఉన్నాయి. హోహెన్‌హైమ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది, బాన్‌లో ఆ ఫీజు లేదు. నెదర్లాండ్స్‌లో వాహెనింగెన్ వ్యవసాయ చదువులకు పెట్టింది పేరు, ఫీజు మాత్రం గట్టిగానే ఉంటుంది. బాన్, స్వీడన్‌లోని ఉప్సల లాంటి చోట్ల కలిపి చదివించే ఏఫెపా అనే ఎరాస్మస్ ముండస్ (యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం) కోర్సు ఉంది. స్కాలర్‌షిప్ దొరికితే అంతకంటే మంచిది లేదు, దొరకడమే కష్టం.

అమెరికాలో పర్డ్యూ, కాన్సాస్ స్టేట్, ఓక్లహామా స్టేట్, అయోవా స్టేట్ లాంటి ల్యాండ్ గ్రాంట్ (వ్యవసాయ చదువుల కోసం ప్రభుత్వ భూములతో మొదలైన) యూనివర్సిటీల్లో ఈ డిపార్ట్‌మెంట్లు పెద్దవి. కాన్సాస్ స్టేట్‌తో మనకు పాత చుట్టరికం కూడా ఉంది. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దానికి సాయం చేసింది ఆ యూనివర్సిటీ వాళ్లే. అమెరికాలో చూడాల్సింది థీసిస్ ఉన్న ఎంఎస్. థీసిస్ ఉన్న చోటే ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశం ఉంటుంది. అది దొరికితే ఫీజులో ఎక్కువ భాగం పోయి, పైనుంచి నెలనెలా జీతం వస్తుంది. అసిస్టెంట్‌షిప్ లేకుండా అప్పు చేసి అమెరికాలో ఈ కోర్సు చదవొద్దనేది నా అభిప్రాయం. కంప్యూటర్స్ చదివినవాళ్లకు వచ్చే జీతాలు చూసి మన లెక్క వేసుకోకూడదు. ఇంకో విషయం, కోర్సు అయ్యాక స్టెమ్ పొడిగింపు (అక్కడ ఉద్యోగం చేసుకునే గడువు పెరగడం) వస్తుందా అని డిపార్ట్‌మెంట్‌ను మెయిల్‌లో అడగండి. కొన్ని చోట్ల ఈ కోర్సును ఎకనామెట్రిక్స్ కోడ్ 45.0603 కింద నడుపుతారు, అది స్టెమ్ జాబితాలో ఉంది. ఏ కోడ్ కింద ఉందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

బీఏ, బీకాం వాళ్లకు తేడా వచ్చేది ఇక్కడే. మీది మూడేళ్ల డిగ్రీ కాబట్టి అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఫీజు కట్టక ముందే అడగండి.

హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి నేనూ వెళ్లాను. అగ్రి ఎకనామిక్స్ అనగానే 'దానికెవరూ పోరు' అని ఇంకో దేశంలో ఇంకేదో కోర్సు బ్రోచర్ చేతిలో పెట్టారు. వాళ్లకు కమీషన్ ఇచ్చే కాలేజీల జాబితాలో జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు లేవని తర్వాత తెలిసింది. కన్సల్టెన్సీ లేకుండానే ఈ పని అంతా మీరే చేసుకోవచ్చు.

నాలుగో పని: ఎస్ఓపీ, సార్ల ఉత్తరాలు

'భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం. నేను రైతు కుటుంబంలో పుట్టాను.' ఎస్ఓపీని, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసాన్ని, ఇలా మొదలుపెట్టకండి, యూనివర్సిటీ వాళ్లకు వచ్చే ప్రతి రెండో ఎస్ఓపీ ఇలాగే ఉంటుంది. రైతు కుటుంబమైతే ఆ కుటుంబం చూసింది రాయండి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చికి పొద్దున్నే జెండా పాట అవుతుంది కదా. ఆ రోజు పలికిన పెద్ద ధర అదే. మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. ఆ ధర ఒకటి రెండు మంచి లాట్లకు దక్కుతుంది, మిగతావాళ్లకు తాలు ఉందని, రంగు తగ్గిందని అంతకంటే తక్కువ. పేపర్లో ధర చూసి కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు తీసిన రైతు సాయంత్రం కాంటా దగ్గర చూసే ధర వేరు. ఈ సంగతి ఒక్క పేరాలో రాసి, 'ప్రచారంలో ఉన్న ధరకూ, రైతుకు దక్కిన ధరకూ తేడా ఎంత, నాణ్యత తేడా పోగా మిగిలే తేడా ఎంత' అని ప్రశ్న పెట్టండి. చదివే ప్రొఫెసర్ కుర్చీలో ముందుకు జరుగుతారు.

ప్రశ్నలకు కొదవ లేదు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, దానివల్ల రైతుకు దక్కే ధర మారిందా? నిజామాబాద్‌లో అదే ఏడాది పసుపు బోర్డు మొదలైంది, అక్కడి ధరలకూ మహారాష్ట్ర సాంగ్లీ ధరలకూ ఉన్న సంబంధం ఏమైనా మారుతోందా? వీటిలో మీరు నిజంగా చూసింది ఒకటే ఎంచుకోండి. రావేలో, అంటే ఆఖరి ఏడాది పల్లెల్లో చేసే ప్రాక్టికల్ శిక్షణలో, ఊళ్లో ఉన్నప్పుడు రాసిన రికార్డు ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది, వెతకండి. అందులో సాగు ఖర్చుల పట్టికలు ఇప్పుడు పనికొస్తాయి.

రికమెండేషన్ లెటర్ల కోసం సారు దగ్గరికి వెళ్తే 'నువ్వే డ్రాఫ్ట్ రాసుకురా' అంటారు. అనక తప్పదు, ఆయనకు వంద మంది. మీరు డ్రాఫ్ట్ బదులు ఒక పేజీ నోట్ ఇవ్వండి. ఆయన దగ్గర ఏ కోర్సు చదివారు, ఏ ప్రాజెక్టు చేశారు, ఓజీపీఏ (మొత్తం గ్రేడుల సగటు) ఎంత, ఆయన మిమ్మల్ని మెచ్చుకున్న సందర్భం ఒకటి. ఇంకోటి, చాలామంది సార్లు జీమెయిల్ వాడతారు. యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి వస్తేనే తీసుకునే చోట్లు ఉంటాయి. ఆ ఐడీ పనిచేస్తోందా, పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుందా అని నెల ముందే మర్యాదగా అడగండి.

ఇంగ్లిష్ పరీక్ష సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, ఐఈఎల్‌టీఎస్ 6.5 తెచ్చుకుంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. జీఆర్ఈ కొన్ని చోట్ల అడగరు. అడగకపోయినా బైపీసీ వాళ్లకు నా సలహా రాయమనే. అందులో క్వాంట్ అనే లెక్కల భాగంలో మంచి స్కోరు వస్తే 'ఈ పిల్లకు లెక్కలు వస్తాయా' అనే అనుమానం పోతుంది.

పేరు విషయంలో జాగ్రత్త. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంతో, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండి అసలు పేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లను అమెరికా వీసాలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని రాసేస్తారు, బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే తంటా. అప్లికేషన్లు మొదలుపెట్టక ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

ఐదో పని: పైసలు

జర్మనీకి వెళ్లాలంటే ఒక ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. ఆ మొత్తం 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున అక్కడికి వెళ్లాక మీకే తిరిగొస్తాయి. యూరో వంద రూపాయలని లెక్క వేసుకుంటే దాదాపు 12 లక్షలు. వీసా కంటే ముందు మన చదువు కాగితాలు అసలైనవేనని జర్మనీ ఎంబసీ విభాగం ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, 2022 నవంబర్ నుంచి మన దేశపు విద్యార్థులకు ఇది తప్పనిసరి. వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ వచ్చేదాకా ఆగకుండా ముందే పెట్టేయండి.

లోన్ దగ్గరే మన పల్లెల పిల్లలు దెబ్బ తినేది. నాయిన పేరు మీద ఆరెకరాల పట్టా పాస్‌బుక్ ఉంది, ఎకరం పాతిక లక్షలు పలుకుతోంది, బ్యాంకు కోటిన్నర ఆస్తి అనుకుంటుందని ఇంట్లో ధీమా. బ్యాంకు మేనేజర్ మాత్రం పాస్‌బుక్ తిప్పి ఇచ్చేస్తారు. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు వేలం వేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అప్పు కట్టకపోతే దాన్ని ఆ దారిలో వేలం వేయలేరు. అందుకే ఎడ్యుకేషన్ లోన్‌కు పొలం తాకట్టు తీసుకోవడానికి ఇష్టపడరు. గ్రామకంఠంలో ఉన్న పాత ఇంటికి పత్రాలు సరిగా ఉండవు కాబట్టి అదీ కష్టమే. మిగిలేవి పట్నంలో రిజిస్ట్రేషన్, అనుమతులు ఉన్న ప్లాటో ఫ్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, లేదా తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న లోన్. ఈ సంగతి అడ్మిషన్ లెటర్ వచ్చాక తెలిస్తే మేనమామల ఇళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఏడాది ముందే పాస్‌బుక్ కాగితాల జిరాక్స్ పట్టుకుని రెండు బ్యాంకులకు వెళ్లి అడగండి.

తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఉన్న పథకాలివి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. దేశాల జాబితా ఉంటుంది, మీరు అనుకున్న దేశం అందులో ఉందో లేదో ఈ-పాస్ వెబ్‌సైట్‌లో చూశాకే దేశం ఖాయం చేసుకోండి. ఒక ముఖ్యమైన మెలిక ఏమిటంటే, మొదటి విడత మీరు అక్కడ దిగినట్టు రుజువు చూపించాకే వస్తుంది, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. కాబట్టి విమానం టికెట్, బ్లాక్డ్ అకౌంట్, మొదటి ఫీజు దీనిమీద పెట్టుకోకూడదు.

రెండేళ్లు ఏఈఓగానో, ఎన్జీవోలోనో పని చేసినవాళ్లకు ఇంకో దారి ఉంది. జర్మనీ డాడ్ సంస్థ ఎపోస్ అనే స్కాలర్‌షిప్‌ను కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకే ఇస్తుంది. ఎంపిక చేసిన కోర్సులకే వర్తిస్తుంది కాబట్టి ఆ ఏటి జాబితా చూడండి. రైతువేదికలో కూర్చుని పంటల నమోదు చేసిన అనుభవం ఇక్కడ బలం అవుతుంది. డిగ్రీ కాగానే వెళ్లలేకపోయామని బాధపడుతున్న ఏఈఓలు దీన్ని తప్పక చూడాలి.

ఆఖరి నెలలు

ఆగస్టు, సెప్టెంబర్‌లో క్లాసులు మొదలయ్యే కోర్సుకు అంతకు ముందటి ఏడాది జూన్‌లో లెక్కలు, అక్టోబర్‌లో ఎస్ఓపీ, ప్రొఫెసర్లకు మెయిళ్లు. అమెరికాలో అసిస్టెంట్‌షిప్ కావాలంటే డిసెంబర్, జనవరిలోపు అప్లికేషన్ వెళ్లిపోవాలి. ఎరాస్మస్ ముండస్ కూడా దాదాపు అప్పుడే. జర్మనీకి కొంచెం ఆలస్యంగా పంపినా నడుస్తుంది, తేదీలు మాత్రం ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటాయి. వీసా స్లాట్ అడ్మిషన్ చేతికి వచ్చిన రోజే వెతకడం మొదలుపెట్టండి.

వెళ్లేటప్పుడు పచ్చళ్లు ఎలాగూ అమ్మ సర్దుతుంది. మీరు పెట్టుకోవాల్సినవి ఆ 1బీ పుస్తకం, రావే రికార్డు, మూడేళ్ల ధరల ఫైలు. దిగాక జర్మనీలో అయితే రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే చాలా పనులు ముందుకు కదలవు. విద్యానిధికి అర్హులైతే పాస్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ స్టాంపు పడిన పేజీని, అమెరికా అయితే అక్కడ దిగినట్టు నమోదు చేసే ఐ-94 కాగితాన్ని ఆ రోజే స్కాన్ చేసి ఇంటికి ఒక కాపీ పంపండి. బోర్డింగ్ పాస్ కూడా పారేయకండి. మా దోస్తు ఒకడు తనది విమానం సీటు జేబులోనే వదిలేసి వచ్చాడు, తర్వాత దానికోసం ఎయిర్‌లైన్స్‌కు నెలరోజులు మెయిళ్లు పెట్టాడు.